పదకొండున్నర కిలోల పిల్లాడు, అయిదు కిలోల పరిమితి

డాక్టరు గారు చాలా జాగ్రత్తలు చెప్పారు కానీ, గుండెల్లో రాయి పడింది మాత్రం ఒక్కదానికే. "ఆరు వారాల దాకా అయిదు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదమ్మా." పక్కన మా ఆయన బుద్ధిగా తలూపారు. నేను మనసులో మా చంటోణ్ణి తూకం వేస్తున్నాను. అంతకు ముందు వారమే పిల్లల డాక్టరు దగ్గర చూశాం, పదకొండున్నర కిలోలు.

నిరుడు ఆషాఢంలో నాకు బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ అయింది. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతుల పైనే తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా వదిలే ఆపరేషన్. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 104 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క, 41 పైన. మా ఆఫీసు ఇన్సూరెన్సులో 40 దాటితే డబ్బిస్తారు కాబట్టి ఆ బెంగ లేదు. చేయించుకోవాలా వద్దా అని రెండేళ్లు ఊగాను, అది వేరే కథ. అప్పటికి పాప యూకేజీ, బాబుకి ఇరవై రెండు నెలలు. నేను చెప్పదలుచుకున్నది వాళ్లిద్దరినీ పెట్టుకుని కోలుకోవడం గురించి.

తేదీ దగ్గరే మొదటి గొడవ. వేసవి సెలవుల్లో పెట్టుకోమని అందరూ సలహా ఇచ్చారు. ఆ సలహా ఇచ్చినవాళ్లెవరూ సెలవుల్లో రోజంతా పిల్లల్ని చూసుకున్నవాళ్లు కాదని నా అనుమానం. బడి ఉంటే కనీసం మధ్యాహ్నం మూడు దాకా ఒకరు తగ్గుతారు. అందుకే జూన్‌లో బడి తెరిచి, పుస్తకాలకు అట్టలేసి, యూనిఫాం హడావుడి తీరాక పెట్టుకున్నాను. "ఆషాఢంలో ఆపరేషనేంటమ్మా" అని అత్తయ్య గొణిగారు. "పెళ్లిళ్లుండవు కదత్తయ్యా, భోజనానికి పిలిచేవాళ్లుండరు" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది, ఇంకేం అనలేదు.

ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసిన అమ్మాయి "మూడో రోజు ఇంటికెళ్లిపోతారు, రెండు వారాల్లో ఆఫీసుకి కూడా వెళ్లొచ్చు మేడం" అని హుషారుగా చెప్పింది. అబద్ధం కాదు. కానీ ఆఫీసులో నన్నెవరూ ఎత్తుకోమని చేతులు చాపరు. అందుకని నెల ముందు నుంచే బాబుకి తర్ఫీదు మొదలుపెట్టాం. సోఫా దగ్గర ఒక ప్లాస్టిక్ పీట, బాత్రూంలో ఒకటి. వాడు "ఎత్తూ" అన్నప్పుడల్లా నేను కూర్చుని "ఎక్కు నాన్నా" అనడం. మొదటి వారం ఏడుపులే ఏడుపులు. రెండో వారానికి వాడికది ఆటైపోయింది, అవసరం లేకపోయినా ఎక్కి దిగడమే పని. పడుకునేది కూడా నా పొట్ట మీద కాళ్లేసి కాబట్టి, ముందుగానే వాణ్ణి వాళ్ల నాన్న పక్కకి మార్చాం. వాడికి సులువుగా ఉంటుందని అందరం కింద పరుపులేసుకుని పడుకోవాలనుకున్నాం కానీ, పొట్టకి అయిదు చిల్లులున్న మనిషి నేల మీద నుంచి ఎలా లేస్తుందో ఎవరం ఆలోచించలేదు. ఇంటికొచ్చిన మొదటి రాత్రే నేను మంచమెక్కాను, వాళ్లు ముగ్గురూ కింద.

సాయానికి తెనాలి నుంచి అమ్మని మూడు వారాలకి రమ్మన్నాను. ఇక ఫరవాలేదనుకున్నాక ఒక రాత్రి తట్టింది, అమ్మకి మోకాళ్ల నొప్పులు. వంట చేస్తుంది, జడలేస్తుంది, కథలు చెబుతుంది, పిల్లాడి వెనక పరిగెత్తలేదు, ఎత్తుకోలేదు. సాయానికి ఒకరున్నారు అనుకోవడం వేరు, ఆ ఒకరు ఏం చేయగలరో చూసుకోవడం వేరు. మా ఇంట్లో అసలు గండం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. స్నానాలు, అన్నాలు, నిద్రమొహాలు అన్నీ అప్పుడే. పనమ్మాయిని బతిమాలి, అదనంగా డబ్బిచ్చి, ఆరు వారాలూ ఆ మూడు గంటలు ఉండమన్నాను. మొత్తం ఖర్చులో నేను ఒక్క నిమిషం కూడా బాధపడనిది అదే. మా ఆయనకి ఉన్న పది రోజుల సెలవూ మొదటే వాడేయనివ్వలేదు. నాలుగు రోజులు ఆపరేషనప్పుడు, మిగతా ఆరు అమ్మ బండెక్కాక.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ప్రోటీన్ పొడి, మజ్జిగ, సూప్‌లు. కాలేయం కాస్త కుంచించుకుంటే సర్జన్‌కి పని సులువట. ఆపరేషన్ గురించి రాయడానికి పెద్దగా లేదు. పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల కోతల కంటే భుజం ఎక్కువ నొప్పెట్టింది. అదే రోజు సాయంత్రం వరండాలో నడిపించారు. మూడో రోజు ఇల్లు.

తొమ్మిదో రోజు తగిలింది దెబ్బ. బాబూ పాలు తాగావా, పాపా నీళ్ల సీసా పెట్టుకున్నావా అని ఇంట్లో అందరి గ్లాసులూ చూశాను, నా గ్లాసు తప్ప. ఆ పొట్టతో గటగటా తాగడం కుదరదు, గుక్క గుక్కగా రోజంతా తాగుతూనే ఉండాలి. మధ్యాహ్నానికి కళ్లు తిరిగాయి, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చింది. ఆసుపత్రికి పరిగెత్తితే రెండు సెలైన్ సీసాలు ఎక్కించి, ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మళ్లీ ఇక్కడికి రావడానికి ఎక్కువగా ఇదే కారణమని చెప్పి పంపారు.

ఆ రాత్రి అమ్మ దగ్గు మందు సీసా మీది చిన్న కప్పు కడిగి తెచ్చింది. నిండుగా పోస్తే 30 మిల్లీలీటర్లు. రోజుకి తాగాల్సిన లీటరున్నర అంటే యాభై కప్పులు. పాప పలక ఫ్రిజ్ పక్కన నిలబెట్టి, కప్పుకో గీత గీయమన్నాం. అది బడి నుంచి రాగానే సంచీ విసిరేసి పలక దగ్గరికే పోయేది. "అమ్మా, ఇరవై రెండే ఉన్నాయి!" అని నడుం మీద చెయ్యేసుకుని నిలబడేది, అచ్చం నేను దాని హోంవర్క్ దగ్గర నిలబడ్డట్టే. యాభై దాకా అంకెలు తప్పుల్లేకుండా వచ్చేశాయి దానికి.

చుట్టాలకి మాత్రం గాల్‌బ్లాడర్‌లో రాళ్లని చెప్పాం. అది తెలివితక్కువ పని. రాళ్ల ఆపరేషనైతే వారానికి అన్నం తింటారుగా, చూడటానికి వచ్చినవాళ్లంతా "కాస్త పెరుగన్నమైనా తినమ్మా" అని ప్రాణం తీశారు. నాకేమో రెండు వారాలు పప్పుకట్టు, పలచటి మజ్జిగ, తర్వాత రెండు వారాలు మెత్తగా మెదిపినవి. పైగా బరువు వేగంగా తగ్గితే నిజంగానే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు వస్తాయట. ఆడిన అబద్ధం నిజం కాకుండా ఆరు నెలలు మాత్రలు వేసుకున్నాను.

వరలక్ష్మీ వ్రతం నాటికి అయిదో వారం. కలశం ఎత్తి పెట్టింది మా ఆయన, పూర్ణాలు వండింది పక్కింటి పిన్నిగారు. ఒక ఇడ్లీలో సగం తినడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, తిన్నాక అరగంట దాకా నీళ్లు కూడా ముట్టకూడదు. నాలుగో నెలలో జుట్టు దువ్వెన నిండా రాలింది. అది ముందే చెప్పారు, అయినా ఏడ్చాను. బీ12 విటమిన్, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోక తప్పదు.

ఈ ఏర్పాట్లన్నిటిలో నేను అసలు లెక్కలోకి తీసుకోనిది పిల్లల కంచాలు. ఇన్నేళ్లూ వాళ్లు వదిలేసిన పప్పన్నం ముద్దలు, సగం దోసెలు, చివరి రెండు చెంచాల ఉప్మా నా పొట్టలోకే. పారేయలేను, అమ్మ పెంపకం అలాంటిది. ఆపరేషనయ్యాక మొదటిసారి బాబు కంచం ముందు కూర్చుని, ఆ మూడు ముద్దలని ఏం చేయాలో తెలియక చూస్తూ ఉండిపోయాను. ఆకలి లేదు, చెయ్యి మాత్రం దానంతటదే వెళ్తోంది. మా ఆయన గమనించి కంచం తన వైపు లాక్కున్నారు.

అప్పటి నుంచి ఆ డ్యూటీ ఆయనదే. నాకు ఇప్పటికి 31 కిలోలు తగ్గింది. ఆయన మొన్న కొత్త ప్యాంట్లు కొన్నారు, నడుం రెండు అంగుళాలు పెంచి.