మైక్ ఆఫ్ అయిందా బ్రదర్?

ఇంకా మంట తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

హైదరాబాద్‌లో ఒక సంస్థ స్నూకర్ టోర్నమెంట్ పెడుతోంది. తెలుగు కామెంటరీతో ఆన్‌లైన్‌లో చూపిస్తారట, గొంతులు కావాలన్నారు. ఫోన్‌లో రికార్డు చేసి పంపాను, పిలుపు వచ్చింది. ఆధార్ కాపీ, ఫోటో, ఫారం ఇచ్చాను. తర్వాత రూల్స్ మీద ప్రశ్నలు: ఏ రంగు బంతికి ఎన్ని పాయింట్లు, ఫౌల్‌కి కనీసం ఎంత ఇస్తారు. స్నూకర్ పార్లర్‌లో స్కోరు రాసే మార్కర్ టీ తాగడానికి వెళ్తే స్కోరు బోర్డు చూసుకున్నవాడిని నేను. ఆ ప్రశ్నలకి నవ్వు ఆపుకోవడమే కష్టమైంది.

అసలు కథ వాయిస్ టెస్ట్‌లో మొదలైంది. అద్దాల గది, హెడ్‌ఫోన్స్, ముందు ఒక టీవీ. శబ్దం తీసేసిన ఒక పాత ఫ్రేమ్ (మ్యాచ్‌లో ఒక గేమ్) వేస్తారు, దానికి మనం చెప్పాలి. అద్దం అవతల సౌండ్ చూసే అమ్మాయి, ఆమె పక్కన ఇన్‌ఛార్జి. ఆయనకి క్రికెట్, కబడ్డీ ప్రసారాల్లో చాలా అనుభవం ఉందట. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పారు.

నాకు పడిన ఫ్రేమ్‌లో గట్టి సేఫ్టీ పోరు నడుస్తోంది, అంటే అవతలివాడికి తేలిక షాట్ దొరక్కుండా ఆడటం. రెడ్స్ ఇంకా గుత్తిగానే ఉన్నాయి. ఒక లాంగ్ పాట్ (దూరం నుంచి బంతిని పాకెట్‌లో వేసే షాట్) కనిపిస్తోంది కానీ తప్పితే అవతలివాడికి బ్రేక్, అంటే వరసగా పాయింట్లు కొట్టే ఛాన్స్, అప్పగించినట్టే. ఆ మాటే చెప్పాను. "ఇతను పాట్ జోలికి పోడు. రెడ్‌ని సన్నగా తాకించి, వైట్‌ని వెనక్కి తెచ్చి కింది కుషన్‌కి (టేబుల్ అంచుకి) ఆనిస్తాడు" అన్నాను. ఆటగాడు టేబుల్ మీదికి వంగాడు. నేను నోరు మూసుకున్నాను. వైట్ నేను చెప్పిన దారినే వచ్చి కుషన్ దగ్గర ఆగింది. ఇక్కడ గొప్ప చెప్పుకోక తప్పదు, అంగుళం తేడా లేదు. రెండోవాడు లేచి టేబుల్ చుట్టూ తిరుగుతూ ఆలోచిస్తున్నాడు. చూసేవాళ్ళని కూడా ఆలోచించుకోనిద్దామని నేను ఊరుకున్నాను.

హెడ్‌ఫోన్స్‌లో గొంతు: "హలో! మైక్ ఆఫ్ అయిందా బ్రదర్?"

లేదు సార్, షాట్ ఆడుతున్నప్పుడు మాట్లాడకూడదు కదా అన్నాను. "ఆడేవాడికి నీ మాట వినపడదు. ఇంట్లో కూర్చున్నవాడికి మాత్రం నువ్వు నిద్రపోయినట్టు వినపడుతుంది" అన్నారు. అంతటితో వదిలేస్తే నేనూ మర్చిపోయేవాడిని. ఆయన తలుపు తీసి, బయట వంతు కోసం కూర్చున్నవాళ్ళందర్నీ లోపలికి పిలిచారు. నా రికార్డింగ్‌ని స్పీకర్‌లో పెట్టి, నేను ఆగిన చోట వేలెత్తి చూపిస్తూ "ఇదిగో, ఇదీ చేయకూడనిది" అన్నారు. కాలేజీ కుర్రాడొకడు ఫక్కున నవ్వాడు. నా వయసుకి అక్కడ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత మైక్ తనే తీసుకుని చెప్పి చూపించారు. మెల్లగా దొర్లుతున్న బంతికి "వెళ్తోంది, వెళ్తోంది, వెళ్తూనే ఉంది!" అని వేలంపాట పాడారు. మధ్యలో పింక్‌ని రెడ్ అన్నారు. దానికి ఎవరూ నవ్వలేదు.

ఆయనకి అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెప్తాను. ఈ ఆటకి టీవీలో దారి చూపించిన టెడ్ లో అనే కామెంటేటర్‌కి "విస్పరింగ్" (గుసగుసలాడే) అన్న పేరు ఊరికే రాలేదు. మొదట్లో లండన్ లెస్టర్ స్క్వేర్ హాల్లో కామెంటరీకి విడిగా గది లేదు. జనం మధ్యనే కూర్చుని, ఆటగాళ్ళకి వినపడకుండా గుసగుసగా చెప్పేవాడు. గది వచ్చాక కూడా ఆ గొంతు మారలేదు, ఆటకి అదే నప్పింది. 1985 ప్రపంచ ఫైనల్లో డెన్నిస్ టేలర్, స్టీవ్ డేవిస్ మధ్య 35వ ఫ్రేమ్ చివరి బ్లాక్ దాకా వెళ్ళింది. అర్ధరాత్రి దాటినా బ్రిటన్‌లో 1.85 కోట్ల మంది టీవీ కట్టకుండా కూర్చున్నారు. కేకలు పెట్టి కూర్చోబెట్టారా వాళ్ళని?

ఇంగ్లీషు కామెంటరీ అంతా బంగారమని కూడా అనను. మాజీ ఆటగాళ్ళు ఇద్దరు చేరితే తమ పాత మ్యాచ్‌లు తవ్వుకుంటూ టేబుల్‌ని మర్చిపోతారు. పాట్ పడ్డాక "మంచి పాట్" అనడం మాకూ వచ్చు. కానీ తెల్ల బంతి ఎక్కడికి పోతోందని కామెంటేటర్ జాన్ వర్గో అరిస్తే మన కళ్ళు పడ్డ బంతిని వదిలి అసలు చూడాల్సిన చోటికి వెళ్ళేవి. క్లైవ్ ఎవర్టన్ అయితే పత్రికల మనిషి, ఒక వాక్యం ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: షాట్‌కి ముందు చెప్పాలి, షాట్‌లో ఆగాలి.

మళ్ళీ అవకాశం ఇచ్చారు. ఈసారి ఖాళీ లేకుండా మాట్లాడాను. ఆడేవాడు 45 పాయింట్లు వెనక ఉన్నాడు, టేబుల్ మీద రెండు రెడ్స్. నాకు ముందు వెళ్ళిన కుర్రాడు ఇదే ఫ్రేమ్‌కి "అయిపోయింది మ్యాచ్!" అన్నాడట. రెండు రెడ్స్‌కి రెండు బ్లాక్స్ కలిపితే 16, ఆరు రంగులూ కలిపి 27, ఇంకా దొరికేవి మొత్తం 43. రెండు పాయింట్లు తక్కువే కానీ ఒక్క స్నూకర్ వేసి (వైట్‌కి దారి లేకుండా వేరే బంతి అడ్డం పెట్టి) ఫౌల్ తెచ్చుకుంటే నాలుగు వస్తాయి, కథ ఇంకా ఉందని చెప్పాను. ఇన్‌ఛార్జి "లెక్కలు ఎక్కువైపోయాయి బ్రదర్" అన్నారు. సౌండ్ అమ్మాయి మాత్రం తర్వాత కారిడార్‌లో "అంకుల్, నాకు ఆట అర్థమైంది మీ దగ్గరే" అంది. మార్కులు వేసేది ఆమె కాదు కదా!

ఎవరైనా ఇలాంటి టెస్ట్‌కి వెళ్తుంటే నీళ్ళ సీసా తీసుకెళ్ళండి, ఏసీ గదిలో గొంతు ఆరిపోతుంది. కింద పార్కింగ్ దొరకదు. మీ పరీక్షకుడు ఏ ఆట నుంచి వచ్చాడో ముందే కనుక్కోండి. క్రికెట్ నుంచి వచ్చాడంటే ఆగకుండా అరవండి, పని అయిపోతుంది.

చివరికి నన్ను తీసుకున్నారు. కాకపోతే ఫారంలో కామెంటేటర్ అన్న మాట కొట్టేసి అనలిస్ట్ అని రాశారు, మైక్ ముందు ప్రధాన గొంతు ఆ నవ్విన కుర్రాడిది. డబ్బు వాడికంటే నాకు తక్కువ. ఎందుకని అడిగితే, అనలిస్ట్ తక్కువ మాట్లాడతాడు కదా అన్నారు. సంతకం పెట్టేశాను.