బాలింత బీపీ ఏ ఖాతాలోకి వస్తుంది?

"బాలింతకి తలనొప్పి రాక ఇంకెవరికి వస్తుందమ్మా? బిడ్డ రాత్రుళ్లు నిద్రపోనిస్తేగా!"

నాకు సిజేరియన్ చేసిన నర్సింగ్ హోములో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు అన్న మాట ఇది. నవ్వుతూనే అన్నాడు. చెడ్డ మనిషేం కాదు, పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి కళ్లు పీక్కుపోయి ఉన్నాడు. కానీ బీపీ మిషన్ ఆయన వెనక గోడకే బిగించి ఉంది. చెయ్యి చాపితే అందేది. చాపలేదు. పారాసిటమాల్ రాసిచ్చి, "పెద్ద మేడమ్ పొద్దున్న పదింటికొస్తారు, చూపించుకోండి" అన్నాడు.

బాబు ఇప్పుడు పరుగులు పెడుతున్నాడు. నా కళ్లు, కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు కోపం తగ్గింది కాబట్టి రాయగలుగుతున్నాను. పూర్తిగా తగ్గిందని మాత్రం అనను.

2024 చివర్లో నా కాన్పు. ఉద్యోగం, కాపురం హైదరాబాద్‌లో. మొదటి కాన్పు కదా, శ్రీమంతం అయ్యాక పశ్చిమగోదావరిలో మా పుట్టింటికి వెళ్లాను. తొమ్మిదో నెలలో బీపీ కాస్త పెరిగింది. "బోర్డర్‌లో ఉంది, ఉప్పు తగ్గించు" అన్నారు, తగ్గించాను. నొప్పులొచ్చాయి, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిందన్నారు, సిజేరియన్ చేశారు. అందులో వింతేం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో వంద కాన్పుల్లో 42 సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే చూస్తే 63. నా ఆపరేషన్ అవసరమైనదే అని నేను నమ్ముతున్నాను. బిల్లు మాత్రం మా ఆయన కంపెనీ పాలసీలో కాన్పుకిచ్చే 75 వేల లిమిట్‌కి రెండు మూడు వందలు తక్కువగా వచ్చింది. ముందు కార్డు చూసి తర్వాత ప్యాకేజీ చెప్పారని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు.

డిశ్చార్జ్ రోజున కూడా పొద్దున్న బట్టలు సర్దుకుని కూర్చుంటే ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఇన్సూరెన్స్ కంపెనీల్ని అదుపు చేసే ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే ఆ అదనపు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ హడావుడిలో ఇంటికి పంపే ముందు నా బీపీ ఎవరూ చూడలేదు. బిడ్డకి టీకాల కార్డు ఇచ్చారు, బరువు రాశారు, కామెర్లు ఎలా గుర్తుపట్టాలో చెప్పారు. తల్లికి రాసింది కుట్ల మీద పూసే ఆయింట్‌మెంటు, ఐరన్ మాత్రలు. అంతే.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకి ఒక సాయంత్రం తలనొప్పి మొదలైంది. అమ్మ చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కట్టింది, చల్లగాలి తగిలిందని. కుడి డొక్కలో పక్కటెముకల కింద పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చింది. చీకటి పడ్డాక ట్యూబులైటు చుట్టూ రంగుల వలయాలు కనిపించాయి. బిడ్డ మొహంలోకి చూస్తే మధ్యలో మసక మచ్చ, చుట్టూ చెవులు, జుట్టు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. భయమేసి నర్సింగ్ హోముకి వెళ్లాం. అప్పుడే ఆ తలనొప్పి మాట. ఇంటికొచ్చి పడుకున్నాను.

ఆ తర్వాత సంగతులు నాకు గుర్తులేవు, తమ్ముడు చెప్పినవే. తెల్లవారుజామున మంచం ఊగుతున్న చప్పుడుకి అమ్మ లేచిందట. నా కళ్లు పైకి తేలిపోయి, పళ్లు బిగిసిపోయి, నోట్లోంచి నురగ. అమ్మ బీరువా తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో కుక్కింది. పక్కింటి మామ్మగారు పళ్ల మధ్య గరిటె పెట్టబోతే తమ్ముడు లాగేశాడు. ఇది చదివేవాళ్లెవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను: ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏదీ పెట్టకండి, తాళాలు ఎక్కడివక్కడ ఉంచి 108కి ఫోన్ చేయండి.

108 వచ్చింది. అందులో ఉన్న టెక్నీషియన్ నా జబ్బకి పట్టీ చుట్టాడు. 180 మీద 120. ఇంటికొచ్చాక నా బీపీ చూసిన మొదటి మనిషి అతనే. దగ్గర్లో ఉన్న మల్టీస్పెషాలిటీకి తీసుకెళ్లారు, కార్డుంది కదా అని. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మెటర్నిటీ లిమిట్ అయిపోయింది సర్, అడ్వాన్స్ లక్ష కట్టండి" అన్నదట. తమ్ముడి ఫోన్లో లక్ష లేదు. మా ఆయన హైదరాబాద్‌లో నిద్రలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. స్ట్రెచర్ మీద ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఆ తీర్పు ఆ కౌంటర్ దాకా ఇంకా చేరినట్టు లేదు. చివరికి 108 అబ్బాయే, "ఇక్కడ టైమ్ పోతందండీ, పెద్దాసుపత్రికి పోదాం" అని స్ట్రెచర్ వెనక్కి తిప్పాడు. పేరు అడగడం తమ్ముడికి తోచలేదు. అమ్మ మావుళ్లమ్మకి చీర మొక్కుకుంది అప్పుడే. ఆ అబ్బాయిని పంపింది అమ్మవారేనని మా అమ్మ నమ్మకం. నేను కాదనను. అమ్మవారి చీరతో పాటు అతనికీ బట్టలు పెట్టాలని ఉంది, మనిషి దొరకలేదు.

పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు స్టాఫ్ నర్సు నన్ను చూడగానే డాక్టర్ని కేకేస్తూనే మెగ్నీషియం సల్ఫేట్ ఆంపూల్స్ విరవడం మొదలుపెట్టిందట. నరానికి కొంత, తర్వాత రెండు పిర్రలకీ అయిదేసి గ్రాములు. నాకు తెలివొచ్చేటప్పటికి ఒళ్లంతా లోపల్నుంచి సెగ కమ్ముతోంది. ఆ మందు గుణమే అంత అన్నారు. గంట గంటకీ ఆ సిస్టర్ వచ్చి నా మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూసేది. కాలు ఎగిరితే తల ఊపి, మూత్రం సంచీ వంగి చూసి, ఊపిరి లెక్కపెట్టుకుని వెళ్లిపోయేది. మందు ఎక్కువైతే ముందు మోకాలు ఎగరడం ఆగిపోతుంది, తర్వాత ఊపిరి మందగిస్తుంది. అందుకని ఆ కాపలా. ఆ రాత్రి నన్ను బతికించింది ఖరీదైన మందు కాదు. డాక్టర్లు ఎక్లాంప్సియా అని, మనవాళ్లు గుర్రపువాతం అని పిలిచే ఈ జబ్బుకి ప్రపంచమంతా వాడేది ఇదే. 2002లో 33 దేశాల్లో పదివేలమందికి పైగా ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో, బీపీ ఉన్నవాళ్లకి ఇది ఇస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేలింది. ఫిట్స్ వచ్చాక కాదు, రాకముందే ఇవ్వొచ్చు. గోడ మీది మిషన్ వంక ఒక్కసారి చూసి ఉంటే చాలు.

నా పక్క మంచం మీద రొయ్యల షెడ్డులో తలలు తీసే అమ్మాయి ఉండేది. నాకంటే చిన్నది, రెండో కాన్పు. తనకీ ఇదే జబ్బు. కానీ ఫిట్స్ రాకముందే వచ్చింది. బిడ్డని చూడటానికి ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త, ఆ అమ్మాయి మొహం వాపు చూసి, కళ్లు మసకగా ఉన్నాయంటే ఏఎన్ఎమ్‌ని పిలిపించి బీపీ చూపించి ఆ పూటే పంపించేసింది. అయిదు లక్షల కార్డున్న నా ఇంటికి ఎవరూ రాలేదు. మా అమ్మావాళ్ల అపార్ట్‌మెంటులో ఆశాలని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు, ప్రైవేటులో కాన్పయిన వాళ్లకి ఏం పని అని.

అలాగని పెద్దాసుపత్రి స్వర్గం అని రాస్తే ఆ అమ్మాయి నన్ను క్షమించదు. నన్ను "అమ్మా, కాలు చాపండి" అన్న సిస్టరే తనని "ఏయ్, కాలు చాపు" అనేది. ఆయా నా దుప్పటి అడక్కుండానే మార్చింది, ఆ అమ్మాయి వాళ్లాయన దగ్గర వంద తీసుకుని మార్చింది. జననీ శిశు సురక్ష కింద 2011 నుంచీ మందులు, రక్తం, భోజనం, రవాణా అన్నీ ఉచితం అని గోడ మీద పెద్ద బోర్డుంది. దుప్పటి సంగతి అందులో రాయలేదు. నేను చదువుకున్నదానిలా మాట్లాడాను, మా తమ్ముడు ఇన్‌షర్ట్ చేసుకుని తిరిగాడు, అందుకే మాకా మర్యాద. నన్ను బతికించిన చేతులకి దండం పెడుతూనే ఈ మాట అంటున్నాను.

ఫిట్స్ ఆగాయి గానీ ప్లేట్‌లెట్లు పడిపోయాయి, లివర్ రిపోర్టులు బాగోలేవు. మా ఆయన వచ్చాడు, బంధువులంతా కలిసి విజయవాడకి మార్చారు. అక్కడ ఐసీయూలో మంచి వైద్యమే జరిగింది, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బిల్లు రెండు లక్షలకి దగ్గరగా అయింది.

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి జవాబొచ్చింది: ప్రసవానికి సంబంధించిన ఖర్చు, మెటర్నిటీ లిమిట్ ఇప్పటికే వాడుకున్నారు, క్లెయిమ్ చెల్లదు. మా ఆయన ఫోన్ చేసి, "ఇది కాన్పు కాదండీ, కాన్పయ్యాక వచ్చిన జబ్బు. బ్రెయిన్, లివర్, కిడ్నీ దెబ్బతినే జబ్బు" అన్నాడు. అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా, "అర్థమైంది సర్, కానీ డెలివరీ అవ్వకపోతే ఈ జబ్బు రాదు కదా సర్" అన్నాడు. ఆ మాట స్పీకర్లో నేనూ విన్నాను. తలనొప్పి మాట కంటే ఇదే ఎక్కువ మండించింది. డ్రైవింగ్ చేయకపోతే యాక్సిడెంట్ కూడా అవదు, దానికి డ్రైవింగ్ లిమిట్ పెట్టారా?

పాలసీ పుస్తకం తెరిచి చదివాను. కాన్పు ఖర్చుల నిర్వచనంలో సంక్లిష్టమైన ప్రసవాలు, సిజేరియన్లు అన్నీ ఒకే మూటలో ఉన్నాయి. గర్భసంచి బయట పెరిగే ఎక్టోపిక్ గర్భానికి మాత్రం మినహాయింపు. అంటే ప్రాణం మీదికొచ్చే గర్భం వేరు, మామూలు గర్భం వేరు అని వాళ్లకీ తెలుసు. ఆ తెలివి ఒక్క జబ్బు దగ్గర ఆగిపోయింది. ఫిట్స్, ఆగని రక్తస్రావం, సెప్టిక్ ఇవన్నీ ఎక్టోపిక్ లాగానే మామూలు సమ్ ఇన్సూర్డ్‌లోంచి, అంటే పాలసీ మొత్తంలోంచి, ఎందుకు కట్టకూడదు?

మేం ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికి రాశాం. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఖర్చు ఉండదు, లాయరూ అక్కర్లేదు, గ్రూప్ పాలసీ వాళ్లకీ వర్తిస్తుంది. అంతదాకా పోకముందే మా ఆయన ఆఫీసు హెచ్‌ఆర్ మేడమ్ కల్పించుకుంది. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం పాలసీలో 'కార్పొరేట్ బఫర్' అని కొంత డబ్బు పక్కన పెట్టుకుంటాయట. అందులోంచి చాలావరకు ఇచ్చారు. తిరస్కరించడం తప్పని మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఆ మేడమ్‌కి రుణపడి ఉంటాను. అయితే నా స్నేహితురాలు ఒకామె చిన్న స్కూల్లో టీచరు. వాళ్ల పాలసీకి బఫరూ లేదు, హెచ్‌ఆరూ లేదు. తనకి నా జబ్బే వస్తే పుస్తెలు తాకట్టు పెట్టాల్సిందే.

ఇన్సూరెన్స్ వాళ్ల లెక్కలోనే చెబుతాను. ఇంట్లో వాడే బీపీ మిషన్ రెండు వేల లోపు వస్తుంది. సిజేరియన్‌కి 75 వేలు కట్టేవాళ్లు, బీపీ అటూ ఇటూగా ఉన్న బాలింతకి అదొకటి ఇచ్చి, వారం పది రోజులు ఒక నర్సు చేత ఫోన్ చేయించి అంకె అడిగితే నా ఐసీయూ బిల్లే ఉండేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలింతని మొదటి 24 గంటల్లోనే కాదు, రెండు మూడు రోజులకి, ఒకటి రెండు వారాలకి, ఆరో వారంలో కూడా చూడమంటోంది. మన పాలసీల్లో అవుట్‌పేషెంట్ అని వీటికి పైసా రాదు. కొయ్యడానికి డబ్బిస్తారు, కోసిన మనిషి ఎలా ఉందో చూడ్డానికి ఇవ్వరు. ఆసుపత్రులకి కూడా షరతు పెట్టొచ్చు కదా, డిశ్చార్జ్ కాగితం మీద తల్లి బీపీ రాయకపోతే బిల్లు పాస్ కాదని. తలనొప్పి, చూపు మసక, కుడి డొక్క నొప్పి, మొహం వాపు ఉంటే ఆగకుండా రండి అని తెలుగులో నాలుగు ముక్కలు అచ్చేయించి ఇస్తే, మా అమ్మ వాము నీళ్ల బదులు ఆటో పిలిచేది.

ఆడపిల్లల్ని పుట్టింటికి తెచ్చుకునే అమ్మలకి నా మాట: కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఈ జబ్బు రావచ్చు. 140 మీద 90 దాటితే డాక్టరుకి చూపించండి, 160 మీద 110 అయితే అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. "బీపీ చూడండి" అని అడగడానికి మొహమాటపడకండి. పట్టీ చుట్టేదాకా అక్కడే నిలబడండి.

మా అత్తగారు ఈ మధ్య రెండోదాని మాట ఎత్తుతున్నారు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని, అందుకని పన్నెండో వారం నుంచే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతానని డాక్టరుగారు చెప్పారు. నాకు దానికంటే పెద్ద టెన్షన్ ఇంకోటుంది. మా ఆయన ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నాడు. కొత్త ఆఫీసు పాలసీలో కాన్పుకి వెయిటింగ్ పీరియడ్ ఉందో లేదో, కాన్పు తర్వాతి జబ్బుని ఏ ఖాతాలో వేస్తారో లెటర్ మీద రాసిమ్మని అడగమన్నాను. ఇంటర్వ్యూలో అదేం ప్రశ్న అంటున్నాడు. ఆ లెటర్ వచ్చేదాకా రెండోదాని మాట లేదని అత్తగారికి చెప్పేశాను.