గాల్లో ఆగిపోయిన కొమ్మ: రిగ్గింగ్ బ్లాక్‌తో నా అనుభవం

భుజాలు పట్టేసి ఉన్నాయి, కోపం ఇంకా దిగలేదు. అందుకే ఈ రోజే రాసేస్తున్నాను. కోసిన కొమ్మని తాడుతో మెల్లగా కిందికి దింపడానికి చెట్టు పైన కట్టే ఫ్రిక్షన్ రిగ్గింగ్ బ్లాక్ కొనాలనుకునే చెట్టు పనివాళ్ళు ఎవరైనా ఉంటే, అమ్మేవాడి మాట వినే ముందు ఇది చదవండి.

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాక పడిన చెట్లు కోసే పనిలో దిగాను, అందులోనే ఉండిపోయాను. పడిన చెట్టుకి రంపం చాలు. కింద ఇల్లు ఉండగా నిలబడ్డ చెట్టు మీంచి కొమ్మ దింపాలంటే మాత్రం తాడు తెలియాలి.

ఈసారి పని టెక్కలి దగ్గర ఒక పల్లెలో. బంగళా పెంకుల ఇల్లు, పెరట్లో ముసలి నిద్రగన్నేరు, దాని సగం కొమ్మలు కప్పు మీదే. టెక్కలి చుట్టూ గ్రానైటు క్వారీలు కాబట్టి క్రేన్లకు కొదవ లేదు, కానీ ఆ సందులో ఆటో తిప్పడమే కష్టం. లైన్‌మన్ చెప్పిన టైముకి వచ్చి లైన్ ఆపాడు. ఇంటాయన మాత్రం కొమ్మలు కొట్టడానికి అంత డబ్బా అని ఒకటే బేరం. కొట్టడానికి కాదు బాబూ, నీ పెంకులు పగలకుండా దింపడానికి అంటే ఎక్కదు.

మేము మొదట్లో పై పంగలోంచి తాడు వేసి, ఒక కొస కొమ్మకి కట్టి, రెండో కొస కింద మానుకి చుట్టి మెల్లగా వదిలేవాళ్ళం. బెరడు ఒకసారి తాడుని పట్టేస్తుంది, ఇంకోసారి వదిలేస్తుంది, మధ్యలో తాడు పీచు లేచిపోతుంది. తర్వాత గిలకకి మారాం. గిలక సాఫీగానే తిరుగుతుంది గానీ దాని వెనక ఒక లెక్క ఉంది, చాలామంది పట్టించుకోరు. అడుగు మందం, మీటరు పొడవున్న పచ్చి దుంగ అరవై డెబ్బై కిలోలు తూగుతుంది. 70 కిలోల దుంగ ఒక కొసన వేలాడుతుంటే, దాన్ని ఆపడానికి రెండో కొసని కూడా 70 కిలోల బలంతో పట్టాలి. రెండూ కలిపి గిలక కట్టిన కొమ్మ మీద 140. అదీ దుంగ కదలకుండా ఉన్నప్పటి మాట. జారి ఆగితే ఆ కుదుపుకి ఇంకెన్ని రెట్లు పడుతుందో. నిద్రగన్నేరు కొమ్మ అసలే పెళుసు.

ఫ్రిక్షన్ బ్లాకులో చక్రం ఉండదు. నున్నటి అంచులున్న అల్యూమినియం దిమ్మకి వరసగా కన్నాలు ఉంటాయి. ఒక పట్టీతో దాన్ని పైన కట్టి, తాడుని ఆ కన్నాల్లోంచి మెలికలు తిప్పుతాం. మెలికలు పెరిగేకొద్దీ రాపిడి పెరుగుతుంది. బరువు చాలావరకు పైనే ఆగిపోయి, కిందివాడి చేతికి కొంచెమే వస్తుంది. కింద లాగేది తగ్గింది కాబట్టి పైకొమ్మ మీద పడే భారమూ తగ్గుతుంది. అది నచ్చే కొన్నాను, ఇప్పటికీ నచ్చుతుంది.

నచ్చనిది అమ్మినాయన. విశాఖలో దుకాణం. "చిన్న కొమ్మైనా పెద్ద కొమ్మైనా అన్ని కన్నాల్లోంచీ ఎక్కించెయ్యండి సార్, సేఫ్టీ. ఇంక టెన్షన్ ఉండదు" అన్నాడు. నేను రెండుసార్లు గుచ్చి అడిగినా అదే మాట.

సరే, చిటారు కొమ్మతో మొదలుపెట్టాం. ఆకులతో కలిపి పన్నెండు కిలోలు ఉంటుందేమో. పైన నేను, కింద తాడు దగ్గర మా బామ్మర్ది. కోశాను. కొమ్మ ఊగి, సరిగ్గా ఇంటి కొప్పు మీదికి వచ్చి ఆగింది.

"వదలరా" అన్నాను.

"వదిలేశాను బావా."

కిందికి చూశాను. వాడు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. తాడు కొస నేల మీద ఊరికే ఆనుకుని ఉంది, ఎవరూ పట్టుకోలేదు. కొమ్మ మాత్రం కొప్పు పెంకులకి రెండడుగుల పైన గాల్లో నిలబడిపోయింది. తాడు ఊపాం, కదల్లేదు. కర్రతో పొడుద్దామంటే ఊగి పెంకులకి తగులుతుంది. బరువు మీద ఉన్న తాడుని కన్నాల్లోంచి విప్పడం కుదరదు.

ఊళ్ళో జనానికి ఇంతకంటే ఏం కావాలి? పది నిమిషాల్లో అరుగుల మీద చోటు లేదు. క్వారీలో క్రేన్ నడిపే కుర్రాడు "మా బండి తెమ్మంటారా గురువుగారూ" అన్నాడు, సందులో పట్టదని తెలిసీ. ఎదురింటి ముసలావిడ "కొమ్మ కొయ్యడానికొచ్చారా బాబూ, ఆరబెట్టడానికొచ్చారా" అంది, ఇంక నవ్వులే నవ్వులు. ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు. పక్కవాడు చెట్టెక్కి చిక్కుల్లో ఉంటే సాయం రాకపోయినా పర్లేదు, స్టేటస్ పెట్టుకోవడం ఏం మర్యాదో నాకర్థం కాదు. ఇంటాయన అరుగు దిగి వచ్చి, "ఏటయ్యా, నా పెంకుల మీద ఇది ఎన్నాళ్ళుంటాది?" అన్నాడు. చెట్టు మీదనుంచే దుకాణం ఆయనకి ఫోన్ చేశాను. ఆయన జవాబు: "తాడు సరైంది కాదేమో సార్. మా దగ్గర మంచి రోప్ ఉంది." అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

దారి చూపించింది ఇంటావిడ పుట్టింటి తరఫు పెద్దాయన, భావనపాడు నుంచి చుట్టపు చూపుగా వచ్చినాయన. వేరావల్ వెళ్ళి గుజరాత్ బోట్ల మీద ఏళ్ళ తరబడి తాళ్ళు లాగిన మనిషి. చెట్టు కిందికొచ్చి, తల పైకెత్తి చూసి, "తమ్ముడూ, మెలికలు ఎక్కువైపోనాయి. కింద తాడు బరువుకే కొమ్మ ఆగిపోనాది. కిందోడు వదిల్తే సరిపోదు, పైనుంచి నువ్వే తాడు అందించు" అన్నాడు.

అంతే. కింద వేలాడే తాడుని నేను పైకి లాక్కుని, జానెడు జానెడుగా కన్నాల్లోకి తోశాను. తోసినంత కొమ్మ దిగింది, మళ్ళీ ఆగింది. పెద్దాయన కొమ్మ కొసకి ఒక సన్నతాడు విసిరి కొప్పు దాటించి పెరట్లోకి లాగాడు. చేతులు పడిపోయాయి గానీ ఒక్క పెంకు కదల్లేదు.

ఇంటికొచ్చాక మా అక్క కొడుకు, పాలిటెక్నిక్ చదివే గుంటడు, లెక్క కట్టి చూపించాడు. రాపిడి గుణకం (తాడుని దిమ్మ ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.25 అనుకుంటే, 180 డిగ్రీల మెలిక ఒకటి వేస్తే కిందివాడి చేతికొచ్చే బరువు సగం కంటే తక్కువకి దిగుతుంది. మేము వేసినట్టు మూడు మెలికలూ వేస్తే పదో వంతుకి. మెలికల ప్రభావం కూడికలో పెరగదు, హెచ్చవేతలో పెరుగుతుంది. మా 12 మిల్లీమీటర్ల తాడు పన్నెండు మీటర్లు వేలాడితే కిలో పావు పైమాటే. దానికి పదింతలు వేసుకోండి: పన్నెండు కిలోల కొమ్మని ఆపడానికి మనిషే అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి వేలకి వేలు తీసుకుని సామాను అమ్మేవాడికి తెలియదు, సముద్రం మీద బతికినాయనకి తెలుసు.

ఆ తర్వాత పని నల్లేరు మీద నడకే. చిన్న కొమ్మలకి ఒక్క మెలిక, నడిమి వాటికి రెండు, దుంగలకి మూడూ. డెబ్బై కిలోల దుంగని మా బామ్మర్ది ఒంటి చేత్తో దింపుతుంటే వీడియో తీసిన కుర్రాడు మాత్రం కనబడలేదు.

ఇంకో సంగతి, ఇది దుకాణంలో ఎవరూ చెప్పరు. రాపిడి అంతా పైనే ఉంటుంది కాబట్టి, దుంగ జారినప్పుడు సాగి కుదుపు మింగేది ముఖ్యంగా బ్లాకుకీ దుంగకీ మధ్యనున్న పొట్టి తాడే. అందుకని టక్కున ఆపకూడదు. కొంత దూరం పోనిచ్చి మెల్లమెల్లగా బిగించాలి. కింద చోటు లేకపోతే ముక్కలు చిన్నవి కొయ్యండి, అంతకు మించి తెలివి చూపించకండి. హార్డ్‌వేర్ షాపు నీలం ప్లాస్టిక్ తాడు దీనికి అసలొద్దు. అది పాలిప్రొపిలీన్, 160 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. వరసగా దుంగలు దింపితే బ్లాకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. పాలియెస్టర్ అయితే కరగడానికి 250 డిగ్రీలు దాటాలి. ఖరీదైనా అదే కొనండి. తాడు ఎక్కడైనా గాజులా మెరిసి గట్టిపడితే ఆ ముక్క కోసి పారెయ్యండి.

సాయంత్రం డబ్బు దగ్గర ఇంటాయన ఐదొందలు తగ్గించాడు. పని ఆలస్యమైందట. పెంకు ఒక్కటైనా పగిలిందా అని అడిగితే, "పగల్లేదు గానీ మా ఆవిడకి గుండె దడ వచ్చింది" అన్నాడు. తీసుకుని వచ్చేశాను. ఆ ఐదొందలు దుకాణం ఆయన దగ్గర వసూలు చేస్తాను, ఇంకా పట్టీలు కొనాల్సినవి ఉన్నాయి.