జానకి ఎందుకు ఆగింది?

మధ్యాహ్నం నుంచి చిన్నది అడిగిన మాటే బుర్రలో తిరుగుతోంది. “ఏటమ్మా, ఆ జానకి వాడి కోసం ఎందుకలా కూర్చుంది? తనకి వేరే పనే లేదా?” నిద్ర పట్టక లేచి రాస్తున్నాను.

ఇవాళ ‘తమ్ముడు’ చూశాం. 1999 జులైలో వచ్చిన పవన్ కల్యాణ్ సినిమా. నేనే పట్టుబట్టి పెట్టించాను. బాధ్యత లేని కుర్రాడు, వాడు వెంటపడే డబ్బున్న అమ్మాయి, పక్కనే ఉండి మనసులో మాట బయటపెట్టని జానకి, కిక్‌బాక్సింగ్ పోటీకి తయారయ్యే అన్న. ఆ అన్న దెబ్బతింటే తమ్ముడు రింగులోకి దిగుతాడు. 1992లో వచ్చిన హిందీ ‘జో జీతా వహీ సికందర్’లో ఇలాంటి కథకే సైకిల్ పందెం ఉంటుంది.

అసలు చూడనిస్తే కదా! బరంపురం నుంచి మేనల్లుడు వచ్చాడు. రిమోట్ వాడి చేతిలోనే. కామెడీ వస్తే ముందుకి, పాట వస్తే ముందుకి, జానకి కనిపిస్తే ఇంకా ముందుకి. “అత్తా, ఇదంతా ఎందుకు, ఫైనల్ పెట్టేస్తాను.” రమణ గోగుల పాడిన ఇంగ్లీషు పాట దగ్గర మాత్రం ఆపాడు, చేతుల మీంచి కారు వెళ్తుంది కదా, అక్కడ. తర్వాత సరాసరి ఆఖరి పోటీకి తీసుకెళ్ళి, అది అవ్వగానే “ఇంతేనా, హీరోయే గెలుస్తాడని తెలిసిందేగా” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

గెలుస్తాడని మాకు మాత్రం తెలియదా? 2023 జనవరిలో భువనేశ్వర్‌లో హాకీ ప్రపంచకప్ జరిగినప్పుడు న్యూజిలాండ్‌తో 3-3 అయి, షూటౌట్‌లో మనవాళ్ళు ఓడిపోతే రాత్రి అన్నం మానేసింది వీడే. టోక్యో కాంస్యం నుంచి ఆ ఆటగాళ్ళ ముఖాలన్నీ వాడికి తెలుసు, అందుకే అంత ఏడుపు. మరి ఈ సినిమాలో హీరో సుబ్బు ముఖం తెలియాలంటే వాడు నాన్నకి చెప్పే అబద్ధాలు చూడాలి, స్నేహితులతో చేసే అల్లరి చూడాలి, ఆ వెధవ పనులకి మనం నవ్వి ఉండాలి. అవన్నీ దాటేసి ఫైనల్ పెడితే ఎవరో ఇద్దరు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, అంతే. ఇదే వాడికి చెప్పాను. “సర్లే అత్తా” అని ఫోన్‌లో దూరిపోయాడు. సాయంత్రం దాకా వాడితో మాట్లాడలేదు.

ఆ సినిమా వచ్చినప్పుడు పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్ళి చూశాం. అప్పటికింకా వదిన మా వదిన కాదు. కాలేజీ గ్రౌండ్‌లో అన్నయ్య కబడ్డీ ఆడుతుంటే ఎదురు డాబా మీద ఆరిన బట్టలు తీయడానికి చీకటిపడేదాకా తీరిక లేని ఒడియా అమ్మాయి. అన్నయ్య కూతకి వెళ్తే ఆమె చేతిలో చీర అలాగే ఉండిపోయేది. అమ్మకి ఏం చెప్పి ఒప్పించానో గానీ ఆమెని కూడా సినిమాకి తీసుకెళ్ళాం. తెలుగు అంతంతమాత్రం. జోకు పేలాక నేను చెవిలో చెబితే, హాలంతా సద్దుమణిగాక ఒక్కతే నవ్వేది. ఆఖరి పోటీకి మాత్రం నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. సుబ్బు కింద పడగానే సీట్లోంచి లేచి నిలబడిపోయింది, వెనకవాళ్ళు కేకలేసినా కూర్చోలేదు. మర్నాడు అన్నయ్య పెరట్లో మామిడిచెట్టుకి ఇసుక మూట వేలాడదీసి గుద్ది, పిడికిళ్ళు రెండూ దోక్కున్నాడు.

ఆ వదినే తర్వాత అన్నయ్యతో తేల్చి చెప్పింది. ముందు ఉద్యోగం చూసుకో, లేకపోతే మా నాన్న చూపించినవాణ్ణే చేసుకుంటానని. అప్పుడు నాకు ఎంత కోపమో! జానకి అలా అంటుందా అనుకున్నాను. జానకి అడగదు, అలగదు, అందుకే గొప్పదనుకునేదాన్ని. ఇప్పుడు చిన్నది అడిగాక అనిపిస్తోంది, అడిగింది కాబట్టే వదిన గొప్ప. అన్నయ్య ఉద్యోగంలో చేరాడు, ఆ తర్వాత కూడా గ్రౌండ్‌కి వెళ్ళాడు. చెప్పి ఆగడం వేరు, చెప్పకుండా కూర్చోవడం వేరు. సుబ్బు చెమట పడుతుంటే అంతసేపు చూపించారు, జానకికి ఏం కావాలో ఒక్కరైనా అడిగారా?

పోనీ ముందే చెప్పేసి ఉంటే? ‘ఇదిగో నాకు నువ్వంటే ఇష్టం, బాగుపడతావా లేదా’ అని ఇంటర్వెల్‌కే అనేసి ఉంటే? వాడికి తెలియకపోవడం వల్ల వచ్చిన నవ్వులన్నీ పోతాయి. మేనల్లుడు దాటేస్తుంటే నేను గింజుకున్నది సరిగ్గా ఆ సీన్ల కోసమే. నాకు అంత ఇష్టమైన సరదా ఆ పిల్ల నోరు మూసుకోవడం మీద నడుస్తోందంటే మనసుకి కష్టంగానే ఉంది. అయినా సుబ్బు లేచి నిలబడినప్పుడు ఇవాళ కూడా కళ్ళు నిండాయి. అది వాడికీ వాడి అన్నకీ మధ్య సంగతి, అక్కడ నాకు ఏ అనుమానమూ లేదు.

చిన్నదానికి మాత్రం జవాబు చెప్పాలి. దాని అత్తనే, అదే మా వదిననే అడగమంటాను. ఆవిడైతే సూటిగా చెప్తుంది.