అక్క పోయాక నాకు తెలిసొచ్చినవి

అక్క పోయిన కొత్తలో నేను పెద్దగా ఏడవలేదు. చూసినవాళ్లంతా గట్టి మనిషి అన్నారు. గట్టితనమూ లేదు, పాడూ లేదు, బుర్ర మొద్దుబారిపోయిందంతే. తలుపు తాళం వేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేదాన్ని. తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఇక నిద్ర పట్టేది కాదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంటే భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఈసీజీ తీసి, గుండె బాగానే ఉంది, దుఃఖం ఒంట్లో కూడా ఇలా కనబడుతుంది అన్నారు.

పరామర్శలకు వచ్చినవాళ్లు ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాక అసలు కష్టం మొదలైంది. అక్క ఖాతా మూయించడానికి మరణ ధ్రువీకరణ పత్రం, జిరాక్సులు పట్టుకుని ఓ కౌంటర్ ముందు నిలబడ్డాను. ఆయన కాగితాలు తిరగేసి, తలెత్తకుండానే, "ఖాతాదారు సంతకం లేదమ్మా, ఆవిడనే ఓసారి రమ్మనండి" అన్నాడు. నేను పత్రం వైపు వేలు చూపించాను. పాపం, ఆయన ముఖం ఎర్రబడింది. ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఇద్దరం పడీపడీ నవ్వాం. అక్క ఉంటే అందరికంటే ఎక్కువ నవ్వేది. ఆ రాత్రి మాత్రం, అది పోయి ఎన్నాళ్లయిందని అప్పుడే నవ్వులు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈ సంగతే కౌన్సెలర్‌తో అన్నాను. అంతకు ముందే ఎవరో శోకానికి ఐదు దశలుంటాయని ఫోన్‌లో పంపితే, నేను ఏ దశలో ఉన్నానా అని వెతుక్కుంటున్నాను. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ దశల గురించి రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడాక అనీ, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు వాటిని అన్వయించడం తర్వాతి మాట అనీ కౌన్సెలర్ చెప్పారు. హమ్మయ్య అనిపించింది. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది నాకు బాగా అతికింది. మనసు కాసేపు పోయిన మనిషి కోసం తల్లడిల్లుతుంది, కాసేపు బతుకు పనుల్లో పడుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఈ అటూ ఇటూ తిరగడమే కోలుకోవడమట. అంటే నవ్వడం ద్రోహమేమీ కాదు.

ఇంట్లో మా ముగ్గురి తీరూ మూడు రకాలు. అమ్మకు రోజూ అక్క మాటలే కావాలి. నాన్న పెదవి విప్పరు. పాడైపోయిన అక్క రేడియోను విప్పి, స్క్రూలన్నీ వరుసగా పేపరు మీద పెట్టుకుని, గంటల తరబడి బాగుచేస్తూ కూర్చునేవారు. ఆయనకు బాధ లేదని అమ్మకు కోపం. ఆయన ఏడుపు అదేనని అమ్మకు నచ్చజెప్పడానికి చాలాకాలం పట్టింది.

"ధైర్యంగా ఉండు", "కాలమే మాన్పుతుంది" లాంటి మాటలు ఒక్కటీ పనిచేయలేదు. అక్క స్నేహితురాలు ఒకావిడ మాత్రం ఫోన్ చేసి, కాలేజీలో అది చేసిన అల్లరి నాకు తెలియనిది ఒకటి చెప్పింది. ఆ రోజు కడుపు నిండిపోయింది. పోయినవాళ్ల పేరెత్తితే మనం బాధపడతామని జనం జంకుతారు గానీ, ఎత్తకపోతేనే ఎక్కువ బాధ.

అయితే అందరికీ ఇలా సర్దుకోదు. నెలలు గడిచినా రోజువారీ పనులు సాగనంతగా శోకం పట్టుకుని ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చికిత్స అవసరమైన రుగ్మతగానే చూస్తుంది. కనీసం ఆరు నెలలు అని వాళ్ల లెక్క. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో పెద్దవాళ్లకు ఏడాది అని పెట్టింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఈ లెక్కలేవీ చూడక్కర్లేదు, ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నాకు ఇప్పటికీ అక్క పుట్టినరోజు దగ్గర పడుతుంటే ఒంట్లో సత్తువ ఉండదు, ఊరికే చిరాకు. మొదట్లో కారణం తెలిసేది కాదు. ఇప్పుడు ఆ వారం ముఖ్యమైన పనులు పెట్టుకోను, ఆఫీసులో ముందే చెప్పి సెలవు పెడతాను.