అడిగి లోపలికి వెళ్లడం

ఇంగ్లండులో వైద్య విద్యార్థిగా ప్రసూతి, స్త్రీరోగ విభాగంలో పనిచేసిన వారాల్లో నేను గదిలోపల గడిపిన సమయం కంటే తలుపు బయట నిలబడిన సమయమే ఎక్కువేమో. ఇక్కడ మామూలు కాన్పులను మిడ్‌వైఫ్‌లే చేస్తారు, చిక్కు వచ్చినప్పుడే డాక్టరును పిలుస్తారు. కాబట్టి విద్యార్థి ముందు మిడ్‌వైఫ్‌ను అడగాలి, ఆమె వెళ్లి గర్భిణిని అడుగుతుంది. ఉదయం సరేనన్న మనిషి నొప్పులు ముదిరాక వద్దంటే మారుమాట లేకుండా బయటికి వచ్చేయాలి. మగ విద్యార్థులకు ఇది మరీ తరచుగా జరుగుతుంది.

ఈ పట్టింపు ఉత్త మర్యాద కాదు. మధుమేహం ఉన్న గర్భిణికి కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే ముప్పు 9 నుంచి 10 శాతం ఉంటుందని డాక్టరు చెప్పకపోవడం మీద నడిచిన మాంట్‌గోమరీ కేసులో, ఏది చెప్పాలన్నది డాక్టరు అభిప్రాయాన్ని బట్టి కాక, ఆమె స్థితిలో ఉన్నవారికి ఏది ముఖ్యమో దాన్ని బట్టి తేలాలని 2015లో బ్రిటన్ సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

కడుపు మీద టేపు పెట్టడానికీ అడగాల్సిందే. గర్భాశయం పైఅంచు నుంచి కటి ముందరి ఎముక దాకా కొలిచేటప్పుడు అంకెలున్న వైపు చర్మానికి ఆనాలి, ఖాళీ వైపు పైకి ఉండాలి. గర్భానికి ఎన్ని వారాలు నిండితే దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉంటుందని లెక్క కాబట్టి, అంకెలు కనబడితే ఆ లెక్కకు సరిపోయే చోటే చెయ్యి ఆగిపోతుందని ఈ జాగ్రత్త. కొలిచాకే టేపు తిప్పి చదవాలి.

ఒకసారి తెలుగు తప్ప మరో భాష రాని గర్భిణితో వచ్చిన అత్తగారు నన్ను చూసి, “మనవాళ్లే కదా బాబూ, మీరే అడిగి చెప్పండి” అన్నారు. మిడ్‌వైఫ్ ఒప్పుకోలేదు. ఫోనులో దుబాసీని పిలిచి, అత్తగారిని బయట కూర్చోమని, నన్నూ పంపించేసింది. ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నారా అన్న ప్రశ్న ప్రతి గర్భిణినీ అయినవాళ్లు లేనప్పుడు అడగాల్సినది. ఆ అత్తగారు చిన్నబుచ్చుకున్నారు గాని, మిడ్‌వైఫ్ చేసిందే సబబు.

ఆపరేషన్ థియేటరులో ఈ నియమం మరింత గట్టిది. మత్తులో ఉన్న స్త్రీకి విద్యార్థి లోపలి పరీక్ష చేయాలంటే ఆమె ముందుగానే, మెలకువలో ఉండగా, ఒప్పుకుని ఉండాలి. అందుకే సర్జరీలు మొదలవక ముందే వార్డుకు వెళ్లి నన్ను నేను పరిచయం చేసుకుని, సంతకం అడిగేవాణ్ని; ఇవ్వని వారి ఆపరేషన్‌లో గోడవారగా నిలబడి చూడడం వరకే నా పని.