‘అండీ’ అలవాటయ్యే రెండు రోజులు: బెజవాడలో పిల్లలతో

విదేశాల్లో పెరిగే మన పిల్లలకు తెలుగు ఎంత బాగా వచ్చినా ఒక లోటు ఉండిపోతుంది. ఇంట్లో వాళ్లతో ‘రా, తిను, ఇవ్వు’ అనే మాట్లాడతాం. వాళ్ల నోటికి వచ్చేదీ అదే. బెజవాడ హోటల్లో యాభై ఏళ్ల సర్వరుతో ‘నీళ్లు ఇవ్వు’ అనేస్తారు. అది పొగరు కాదు, చెవిన పడని మాట నోటికి రాదు. బయల్దేరడానికి ఓ వారం ముందు నుంచి ఇంట్లో అందరూ ‘అండి’ పెట్టి మాట్లాడుకోండి. ఊళ్లో దిగాక టిఫిన్ చెప్పడం, ఆటో అడగడం పిల్లలకే వదిలేయండి. తడబడితే మధ్యలో అందుకోకుండా కాసేపు ఆగండి, ఎదుటివాళ్లే ఓపిగ్గా వింటారు.

టిఫిన్‌తో మొదలుపెట్టడం తేలిక. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ, కారం అలవాటు లేని నోటికి హాయిగా ఉంటుంది. చిక్కంతా దోసెతోనే. మడత లోపల ఎర్రకారం పూసేస్తారు, పైకి కనపడదు. పెనం మీద పిండి పడకముందే ‘కారం పూయకండి’ అని చెప్పించాలి.

భోజనంలో ఈ కిటుకు పనిచేయదు. కూరలు పొద్దున్నే వండి ఉంచుతారు, ‘కారం తగ్గించండి’ అంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? పిల్లలకు ముద్దపప్పు, నెయ్యి, అప్పడంతో మొదలుపెట్టి, గోంగూర పచ్చడి గోరంత వేలికి తగిలించి రుచి చూపించండి. నోరు మండితే నీళ్లు తాగించవద్దు. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నోరంతా పాకుతుంది. పాలల్లోని కేసీన్ అనే ప్రోటీన్ ఆ ఘాటును పట్టి లాగేస్తుంది కాబట్టి ఓ చెంచా పెరుగు నోట్లో ఉంచుకోమనండి. సాయంత్రం బండి దగ్గర పునుగులు కళాయిలోంచి తీసినవే తినాలి, పళ్లెంలో చల్లారినవి వద్దు. మిరపకాయ బజ్జీ మీరు తినండి, వాళ్లకు అరటికాయ బజ్జీ చెప్పండి.

తాగడానికి కొబ్బరి బోండాం అన్నిటికన్నా నయం, కళ్ల ముందే కొడతారు కదా. చెరుకు రసం ఐసు లేకుండా అడగాలి. ఐసు వల్ల కూడా కడుపు పాడవుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట ఉంచుకోండి. లీటరు నీళ్లకు కలపాల్సిన ప్యాకెట్‌ను గ్లాసులో కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఉప్పు ఎక్కువై విరేచనాలు ఇంకా ముదురుతాయి. ప్యాకెట్ మీద లీటరని ఉందో, 200 మిల్లీలీటర్లని ఉందో చూసి కలపండి.

తిరగడానికి ఆటో చాలు. ఇక్కడ దారి వీధి పేరుతో చెబితే తెలియదు, ‘సెంటర్’ పేరు చెప్పాలి: బెంజ్ సర్కిల్, అలంకార్ సెంటర్ ఇలా. ‘అన్నా, ఉండవల్లి గుహలకు వస్తారా? మా నలుగురికి కలిపి ఎంత?’ అని ఎక్కేముందే పిల్లల చేత అడిగించండి. ‘కలిపి’ అన్న మాట మరవకూడదు. షేర్ ఆటోలో తలకింత లెక్క, అక్కడే మాట తేడా వస్తుంది. పది, ఇరవై నోట్లు దగ్గర పెట్టుకోండి. కూర్చునేటప్పుడు పిల్లలు మధ్యలో, పెద్దలు అంచుల్లో.

ప్రకాశం బ్యారేజీ దాటితే ఉండవల్లి దగ్గరే. నాలుగంతస్తుల గుహలు, లోపల శయనించిన అనంత పద్మనాభుడు, అంతా కొండను తొలిచిందే. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు వెంట ఉంటే టికెట్ మన పౌరుల ధరకే ఇవ్వాలి. విదేశీ పాస్‌పోర్టు ఒక్కటే చూపిస్తే విదేశీయుల ధర అడుగుతారు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. కృష్ణకు వరద వస్తే భవానీ ద్వీపం పడవలు ఆపేస్తారు, వానాకాలంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

గుంటూరు వెళ్తుంటే దారిలో మంగళగిరి. కొండ మీది పానకాల స్వామి గుడి మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు, అందుకే పొద్దున్నే ఎక్కండి. అర్చకులు శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటక వేసిన చప్పుడు వినిపిస్తుందంటారు. పిల్లల్ని ముందు నిలబెట్టండి. మిగిలిన సగం ప్రసాదంగా తిరిగిస్తారు. బెల్లం, మిరియాలు, యాలకులు, అంతే. ఏ పిల్లా వద్దనదు. మూత గట్టిగా ఉన్న ఖాళీ సీసా ఒకటి పట్టుకెళ్లండి.